కదలని గస్తీ

ఆ రోజు పొద్దున్న ఆకాశం ఏ సంగతీ తేల్చకుండా ఉంది. తూర్పున మబ్బు ఈనబోయే గేదెలా బరువుగా పడుకుంది. కురవదు, కదలదు. పడమట మాత్రం తోమిన పళ్ళెంలా తెల్లగా ఉంది. పొద్దున్నే లేచి ముందు ఆకాశాన్ని, తర్వాత సైకిలు చక్రాల్లో గాలిని చూసుకోవడం నా ఉద్యోగంలో భాగం. రెండూ చూసుకుని, క్యారేజీకి పార కట్టుకుని బయల్దేరబోతుంటే మా వీధిలోకి ఆఫీసు జీపు వచ్చింది.

నా పేరు గుత్తుల అబ్బులు. ముత్యాలమ్మ కాలవ మీద లస్కరుని, గట్టు కాపలా నా పని. కాలవ పొడుగు పది కిలోమీటర్లు. పైన లాకు, కింద శివారు తూము. లాకు నుంచి అయిదో కిలోమీటరు రాయి దాకా గట్టు నాది, అక్కణ్ణించి శివారు దాకా ఏసోబుది. రోజూ పొద్దున్న నేను ఇటునుంచి, ఏసోబు అటునుంచి సైకిళ్ళ మీద బయల్దేరి అయిదో రాయి దగ్గర కలుస్తాం. అక్కడ కర్రలు మార్చుకుంటాం. ఒక కర్రకి మూడు గాట్లు, ఒకదానికి నాలుగు. ఏ తేదీన ఏ కర్ర ఎవరింట్లో ఉండాలో రిజిస్టరులో రాసి ఉంటుంది. ఎవరైనా గట్టు చూడకుండా ఇంట్లో పడుకుంటే మర్నాటికి కర్రే చెప్పేస్తుంది. కర్రలు మార్చుకున్నాక రాయి పక్కన కూర్చుని చద్దన్నం తింటాం. మాట్లాడుకోవడానికి మాకు పెద్దగా ఏమీ ఉండదు. నీళ్ళు ఎక్కువో తక్కువో, అంతే.

జీపులోంచి ఏ.ఇ. పరంజ్యోతి గారు దిగారు. మంచి మనిషి. కాలవకి భయపడరు గానీ కాగితానికి భయపడతారు. ఆయన వెనక చేతులకి తొడుగులు వేసుకున్న మెకానిక్కు ఒకడు అట్టపెట్టె మోసుకుంటూ దిగాడు.

"అబ్బులూ, ఇవాళ్టి నుంచి నువ్వు గట్టు మీదకి పోనక్కర్లేదు" అన్నారు ఏ.ఇ. గారు.

నేను సైకిలుకి స్టాండు వేశాను. "ఏం తప్పు చేశానండీ?"

"తప్పు కాదయ్యా. పథకం."

కాగితం తీసి వసారాలో నిలబడి చదివారు. "ఇందుమూలముగా తెలియజేయడమైనది ఏమనగా, గస్తీ విధులలోనున్న లస్కర్లు కాలవ గట్లపై సైకిలు నడుపుచు జారిపడుట, పాముకాటుకు గురియగుట, కుక్కలచే తరుమబడుట మొదలగు అవాంఛనీయ సంఘటనలను సమూలముగా నివారించు సదుద్దేశముతో, గస్తీని లస్కరు స్వగృహమునకు తరలించడమైనది."

అసలు జరిగింది ఇదీ. ఎక్కడో ఒక లస్కరు గట్టు మీద జారి జబ్బ విరగ్గొట్టుకున్నాడు. అదే వారంలో మా పెద్ద ఇంజనీరు గారు డాక్టరు మాట మీద ఒక ఇనప స్టాండు కొనుక్కుని, తన సైకిలు దానికి బిగించి, పడగ్గదిలో తొక్కి ఎనిమిది కిలోలు తగ్గారు. ఈ రెండు సంగతులూ ఒకే రోజు ఒకే బల్ల మీదకి వచ్చాయి. పథకం పుట్టింది.

మెకానిక్కు నా సైకిలు మీద పడ్డాడు. ముందు క్యారేజీ విప్పాడు, తర్వాత సైడు స్టాండు. పారని గోడకి ఆనించాడు. అట్టపెట్టెలోంచి అలాంటి ఇనప స్టాండే తీసి, వెనక చక్రం ఇరుసుని దాని రెండు దవడల మధ్య పెట్టి, చేతి మర తిప్పి బిగించాడు. చక్రం నేలకి జానెడు లేచింది. దాని వెనక ఒక రోలరు తెచ్చి టైరుకి ఒత్తాడు. ముందు చక్రం కింద ప్లాస్టిక్ పీట పెట్టాడు. అన్నిటి కింద నల్లటి రబ్బరు చాప పరిచాడు. ఇంత చేసినా టైరు రోలరు మీద జారుతోందని మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు. చివరికి రోలరు పక్కన తాటిముంజంత పెట్టెను ఒకదాన్ని, హ్యాండిలుకి కిలోమీటర్లు చూపించే మీటరుని అంటించాడు.

"చక్రం ఎంత తిరిగిందో ఇది ఆఫీసుకి చెబుతుందండి. దుమ్మూ ధూళీ ఏం చెయ్యవు. నీళ్ళలో ముంచినా తిరిగినన్నాళ్ళూ చెబుతూనే ఉంటుంది" అన్నాడు గొప్పగా.

నేను ఎక్కి తొక్కాను. చక్రం తిరిగింది. ఇల్లు అక్కడే ఉంది. వసారాలో ఉన్న నాలుగు కోళ్ళు ఆ రొదకి చింతచెట్టు ఎక్కాయి. మా ఆవిడ చంటమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏవండీ బాబూ, ఈయనిక్కడ తొక్కుతా కూచుంటే గట్టెవరు చూత్తారండీ?"

"గట్టు చూడడం వేరమ్మా, గస్తీ వేరు. గస్తీ అంటే కిలోమీటర్లు. అవి ఇక్కడే వచ్చేస్తాయి."

"ఆ సంగతి గట్టుకి చెప్పారాండీ?"

ఏ.ఇ. గారు వినిపించుకోలేదు. నేను దిగి, చెప్పాల్సింది చెప్పాను. "అయ్యా, మూడో రాయి కాడ సూరమ్మక్క చేనుందండి. అక్కడ గట్టు నిండా పీత బొక్కలండి. రోజూ ఒండుమట్టి పెట్టి పూడుత్తున్నానండి. నాలుగు రోజులు మానేత్తే ఊట పడతాదండి."

"నువ్వు చేరిన దగ్గర్నుంచి అక్కడ గండి పడిందా?"

"లేదండి."

"పదిహేనేళ్ళుగా గండి పడని చోటు. రికార్డు చాలా బలంగా ఉంది" అని రాసుకున్నారు.

ఊట అనేది కంటికి కనబడే సరికే ఆలస్యం అవుతుంది. దాన్ని అరికాలితో పట్టాలి. చెప్పులు విప్పి గట్టు మీద పాదం ఆనించి కాసేపు నిలబడితే, మట్టి కింద నీళ్ళు కదులుతున్న చోట చీమ పాకినట్టు ఉంటుంది. ఈ సంగతి రికార్డుకి ఎక్కదు. నేను కూడా చెప్పలేదు.

బొక్కా సూరమ్మ నాకు చుట్టం కాదు. గట్టు కింద ఎకరం పాతిక కౌలుకి చేసుకుంటుంది, ఒంటి మనిషి. చేను గట్టుకి నిలువెత్తు పల్లంలో ఉంది. గండి పడిందంటే మొదటి నీళ్ళు, మొదటి ఇసక ఆమెవే. ఆ చేను పండితే ఏడాదంతా ఆమె పొయ్యి వెలుగుతుంది. లేకపోతే లేదు.

జీపెక్కేముందు ఏ.ఇ. గారు చివరి షరతు చదివారు. గొంతు కొంచెం తగ్గించి చదివారు. "గస్తీ వేళలో గట్టుపై కనిపించిన లస్కరు విధులకు గైర్హాజరైనట్లు పరిగణించబడును. రెండు పర్యాయములు కనిపించిన యెడల తొలగించబడును."

"అంటే పనికాడ కనబడితే పనెగ్గొట్టినట్టాండీ?" అంది చంటమ్మ.

జీపు వెళ్ళిపోయింది. కోళ్ళు మూడో రోజుకి గానీ చెట్టు దిగలేదు.

*

పది రోజులకి మొదటి తంటా వచ్చింది. రిజిస్టరులో కర్రల గడి ఖాళీగా ఉంది. నేను మా ఇంట్లో తొక్కుతున్నాను, ఏసోబు పది కిలోమీటర్ల అవతల వాళ్ళింట్లో తొక్కుతున్నాడు. ఇద్దరం రోజూ అయిదో రాయి దాకా పోతున్నాం, మీటరు ప్రకారం. కానీ అక్కడ కలుసుకోవడం లేదు.

ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. "ఉభయ లస్కర్లు ప్రతిదినము ఉదయం గం. 7.10 ని.లకు ఒకే స్థలమునకు చేరుచున్నట్లు యంత్రములు ధ్రువీకరించుచుండగా, కర్రల మార్పిడి జరుగకపోవుటకు కారణమేమి? వారి నడుమ వ్యక్తిగత వైరమేదైనా కలదా?"

కర్రల పద్ధతి ఎత్తేస్తే పోయేది. కానీ అది తెల్లవాళ్ళు పెట్టిన పద్ధతి. ఎత్తెయ్యడానికి ఎవరి సంతకం కావాలో ఆఫీసులో ఎవరికీ తెలియదు. అందుకని ఏసోబు స్టాండుని కూడా జీపులో తెచ్చి మా వసారాలోనే బిగించారు. నాకు ఎదురుగా.

ఏసోబు నాకంటే పదేళ్ళు పెద్దవాడు. రోజూ వాళ్ళ ఊరి నుంచి మా ఊరికి రావాలి. సైకిలు మా వసారాలో బందీ అయింది. గట్టు మీద నడిచి వస్తే గైర్హాజరు. అందుకని రోడ్డు చుట్టూ తిరిగి, ఆటోలో వచ్చేవాడు. వచ్చి, చెంబుడు మంచినీళ్ళు తాగి, నాకెదురుగా సైకిలెక్కేవాడు.

"ఒరే అబ్బులూ, ఎంతలో ఉన్నావురా?"

"రెండున్నర దాటాను అన్నా. నువ్వూ?"

"వత్తన్నా. రేవు మలుపు కాడున్నా."

ఇద్దరి మీటర్లూ అయిదు చూపించగానే చెయ్యి చాచి కర్రలు మార్చుకునేవాళ్ళం. గడి నిండింది. ఆఫీసు సంతోషించింది. వారం తిరక్కుండా ఇంకో కాగితం వచ్చింది. కర్రలు మార్చుకున్న తర్వాత కూడా లస్కర్లు ఎదురెదురుగానే ఉండుటచే, వారు తిరుగు ప్రయాణంలో ఒకరినొకరు గుద్దుకొను ప్రమాదము కలదని అందులో ఉంది.

దానికి ఏ.ఇ. గారే ఉపాయం చెప్పారు. కర్రలు మార్చుకున్నాక ఇద్దరం దిగి, ఇద్దరం కలిసి నా స్టాండుని, తర్వాత అతని స్టాండుని ఎత్తి వెనక్కి తిప్పాలి. అప్పుడు వీపుకి వీపు పెట్టి తొక్కుతూ ఎవరి ఇళ్ళకి వాళ్ళం పోవాలి. ఒక్కో స్టాండూ సైకిలుతో కలిపి నలభై కిలోలు. ఆ తిప్పడంలోనే ఏసోబుకి నడుం పట్టేసింది. గట్టు మీద ముప్ఫయ్యేళ్ళు తిరిగినా పట్టని నడుం.

ఒకరోజు తనిఖీకి వచ్చిన ఏ.ఇ. గారు మేం వీపుకి వీపు పెట్టి మాట్లాడుకోవడం విన్నారు.

"ఎన్నో కిలోమీటరు?" అన్నారు.

"తిరుగు దారిలో రెండండి."

"అంటే మీ ఇద్దరి మధ్యా నాలుగు కిలోమీటర్ల దూరం ఉంది. మాటలు వినబడకూడదు కదా."

ఏసోబు తలవంచుకుని తొక్కాడు. కాసేపటికి నా వైపు తిరక్కుండా, గాలిలోకి, గట్టిగా "ఓ.. అబ్బులూ.. వినబడుతుందా.." అని కేకేశాడు.

"చెయ్యూపు అన్నా, మాటలు అందట్లేదు" అన్నాను నేనూ కేకేసి.

ఏ.ఇ. గారు నవ్వలేదు. ఆయన మొహం పీక్కుపోయి ఉంది. అప్పుడు తెలిసింది, ఆయనకీ స్టాండు వచ్చిందని. వారానికి నలభై కిలోమీటర్ల తనిఖీ ఆయన అద్దెకున్న మేడ మీద గదిలో తొక్కాలి. కింద ఇంటివాళ్ళు నెత్తిన పిండిమర తిరుగుతోందని గొడవ పెడుతున్నారట. ఆయన పొట్ట తగ్గింది. కాలవ గట్టు కూడా తగ్గుతోంది. ఒకటే రికార్డుకి ఎక్కింది.

*

ఆశ్వయుజంలో సూరమ్మక్క వచ్చింది. చేను పొట్ట మీద ఉంది. ఇంకో నెలన్నర ఆగితే కోత. మోకాళ్ళ దాకా బురదతో వసారా మెట్టు మీద నిలబడింది.

"ఒరే అబ్బులూ, గట్టు చెమ్మగిల్లిందిరా. గడ్డి పచ్చబడిపోయింది. చెయ్యెడితే నీళ్ళు తగులుతున్నాయి. దిగరా, దిగి రారా."

నేను మీటరు చూశాను. "అక్కా, నేనింకా అక్కడికి రాలేదు. రెండు పాయింటు ఆరులో ఉన్నాను."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. సూరమ్మక్క నన్ను చూసింది, సైకిలుని చూసింది, సైకిలు కింద చాపని చూసింది. మెట్టు మీద కూర్చుంది. నేను మూడుకి వచ్చేదాకా కూర్చునే ఉంది. మూడు రాగానే నేను, ఆఫీసు వాళ్ళు నా ఫోనులో పెట్టిన బొమ్మల్లో "ఊట" అని ఉన్నదాన్ని నొక్కాను.

మధ్యాన్నానికి ఏ.ఇ. గారు వచ్చారు. సూరమ్మక్క ఇంకా మెట్టు మీదే ఉంది.

"మూడో కిలోమీటరు దగ్గర ఊట అని నొక్కావు. నీకు అక్కడ తడి తగిలిందా?"

"లేదండి. సూరమ్మక్క చెప్పిందండి."

"అక్కడ నీ వేగం పదకొండు. దానికి ముందు పదకొండు. తర్వాత పదకొండు. ఊట ఉంటే బురద ఉండాలి. బురద ఉంటే వేగం తగ్గాలి."

"వసారాలో బురదెక్కడిదండీ?"

"అదే నేనూ అడుగుతున్నాను." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూడు అబ్బులూ, రైతు చెప్పింది మౌఖికం. చక్రం చెప్పింది లిఖితపూర్వకం. మౌఖికం పట్టుకుని నేను పైకి రాస్తే, చక్రాన్ని అనుమానించినట్టు అవుతుంది. ఆ చక్రం పెద్ద ఇంజనీరు గారిది."

"పోనీ మీరొకసారి వచ్చి చూడండయ్యా" అంది సూరమ్మక్క.

"నేను కూడా మూడో కిలోమీటరు దాటానమ్మా, నిన్న సాయంత్రమే" అన్నారు ఏ.ఇ. గారు. ఆ మాట అన్నాక ఆయన కూడా నేల చూపులు చూశారు.

సూరమ్మక్క లేచింది. "మీ ఇద్దరూ దాటేశారు. నేనే అక్కడే ఉండిపోయాను" అని వెళ్ళిపోయింది.

ఆ పూట అన్నం దగ్గర చంటమ్మ నాకు పచ్చడి వెయ్యలేదు. కోపం వస్తే ఆవిడ తిట్టదు, పచ్చడి వెయ్యదు. చివరికి తనే అంది: "రేప్పొద్దున్న పార తీసుకుని చేలగట్ల మీదుగా పొండి. ఆ చక్రం నేను తిప్పుతాను. దానికి కాళ్ళెవరివో తెలుత్తాదా ఏంటి?"

మర్నాటి నుంచి అలాగే జరిగింది. నేను కాలవ గట్టు ఎక్కకుండా, వరిచేల మధ్య నడుం వంచుకుని, దొంగలా మూడో రాయి చేరేవాడిని. నా ఉద్యోగం నేను దొంగతనంగా చేసుకోవడం అదే మొదలు. సూరమ్మక్క ఒండు తీసిచ్చేది, నేను బొక్కల్లో కూరి పాదంతో అదిమేవాడిని. ఇక్కడ వసారాలో చంటమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని సైకిలెక్కేది. పదిహేనేళ్ళు రోకలి ఎత్తిన మనిషి, ఆ పెడళ్ళు ఆవిడకి లెక్క కాదు. ఏసోబు మూడో కిలోమీటరులో ఉండగానే ఆవిడ అయిదో రాయికి చేరిపోయి, దిగి, పొయ్యి మీద కూర కలుపుకుని వచ్చి ఎదురుచూసేది.

"చెల్లమ్మా, కాత్త నెమ్మదిగా రావమ్మా. నా పరువు పోతాంది" అనేవాడు ఏసోబు.

"కూర మాడితే నీ పరువు ఏసుకుని తింటాడా అన్నయ్యా, మా ఆయన?" అనేది.

ఆఫీసులో గగ్గోలు పుట్టింది. ముత్యాలమ్మ కాలవ లస్కరు గంటకి పందొమ్మిది కిలోమీటర్ల వేగంతో గస్తీ తిరుగుతున్నాడు. రాష్ట్రంలో ఇంత వేగంగా గట్టు చూసిన మనిషి లేడు. నాకు సన్మానం నిర్ణయమైంది.

*

సన్మానం రోజుకి ముందు మూడు రోజులు వాన పడింది. కాలవ నిండుగా, ఎర్రగా పోతోంది. నేను మూడో రాయి దగ్గరికి వెళ్ళడానికి వీల్లేకపోయింది. మూడు రోజులూ మా వసారాలో ఆఫీసు వాళ్ళు నా ఫొటోలు తీస్తూనే ఉన్నారు.

లాకు దగ్గర షామియానా వేశారు. నేలంతా బురద కావడంతో ట్రాక్టరు తొట్టినే వేదిక చేశారు. దాని మీద తివాచీ పరిచి, నా స్టాండూ ఏసోబు స్టాండూ సైకిళ్ళతో సహా ఎదురెదురుగా పెట్టారు. పెద్ద ఇంజనీరు గారు వచ్చారు. సన్నటి మనిషి, నిలబడ్డా కాళ్ళు ఆడిస్తూనే ఉంటారు.

"మిత్రులారా! ఒకనాడు లస్కరు కాలవ వెంట పరుగులు తీసేవాడు. నేడు కాలవే లస్కరు ఇంటికి నడిచి వచ్చింది! గత మూడు మాసాలలో మన డివిజనులో ఒక్క లస్కరూ జారిపడలేదు, ఒక్క పామూ కరవలేదు, ఒక్క గండీ నమోదు కాలేదు!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. పాములు కూడా ఒప్పుకునేవే.

తర్వాత నన్నూ ఏసోబునీ ఎక్కించారు. వెనక తెర మీద నా వేగం కనబడుతోంది. ఎనిమిది.

"ఏమయ్యా, పందొమ్మిది ఏదీ?" అన్నారు పెద్ద ఇంజనీరు గారు.

నేను చంటమ్మ వైపు చూశాను. ఆవిడ ఆడవాళ్ళలో కూర్చుని కొంగుతో నోరు మూసుకుంది.

"ఎదురుగాలండి" అన్నాడు ఏసోబు.

పెద్ద ఇంజనీరు గారు తల ఊపారు. ఆ జవాబు ఆయనకి సబబుగానే తోచింది.

రెండు పాయింటు నాలుగులో ఉండగా జనం పక్కకి తొలిగారు. నడుం దాకా బురదతో సూరమ్మక్క పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఒరే అబ్బులూ! గట్టు కొట్టేసిందిరా! మూడో రాయి కాడ! చేలోకి దూకేత్తాందిరా నీరు!"

షామియానా కింద అందరూ లేచారు. పెద్ద ఇంజనీరు గారు మాత్రం చెయ్యెత్తి ఆపారు. తెర చూశారు.

"అమ్మా, కంగారు పడకండి, కూర్చోండి. లస్కరు ఇప్పుడు రెండు పాయింటు నాలుగులో ఉన్నాడు. మరి నాలుగైదు నిమిషాల్లో మూడో కిలోమీటరు చేరుకుంటాడు. చేరాక ఆయనే నివేదిస్తాడు. అంతవరకూ ఇది సమాచారం మాత్రమే. గండి కాదు."

సూరమ్మక్క ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది, ఆ రోజు వసారాలో చూసినట్టే.

నేను దిగాను.

చక్రం నేను లేకుండానే నాలుగు చుట్లు తిరిగి ఆగింది. తెర మీద సున్నా వచ్చింది. 

"ఆగకూడదు! మళ్ళీ ఎక్కించండి" అన్నారు పెద్ద ఇంజనీరు గారు. అది ఏ.ఇ. గారితో అన్న మాట. ఏ.ఇ. గారి చేతిలో సన్మానపత్రం ఉంది. ఆయన దాన్ని చూశారు. సూరమ్మక్క కాళ్ళ బురద చూశారు. పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, తొట్టి ఎక్కారు. ట్రాక్టరు వాడి భుజం తట్టారు.

"స్టార్ట్ చెయ్యి. గట్టు మీదకి పోనీ."

"ఏ అధికారంతో?" అన్నారు పెద్ద ఇంజనీరు గారు.

"మౌఖికం సార్" అన్నారు ఏ.ఇ. గారు.

నేను లాకు మీదకి పరుగెత్తి తలుపులు దించేశాను. దించినా కాలవలో ఉన్న నీళ్ళు పోవడానికి పూట పడుతుంది. ఈలోగా ఏసోబు షామియానా గుంజలు పీకి తొట్టిలో వేశాడు. గుంజలు పోతే షామియానా పెద్ద ఇంజనీరు గారి మీద కూర్చుంది. సైకిళ్ళు దించే వ్యవధి లేదు. వేదిక వేదికగానే కదిలింది. మూడు నెలల తర్వాత నా సైకిలు గట్టు మీదకి వచ్చింది, నిలబడిన చోటే నిలబడి.

*

గండి రెండు నులకమంచాలంత ఉంది. చంటమ్మ ఊళ్ళో కేకేసుకుంటూ పోయి పాతికమందిని పారలతో తెచ్చింది. గుంజలు దిగ్గొట్టాం. గడ్డి మోపులు వేశాం. వేసిన మోపు వేసినట్టే గుంజల సందుల్లోంచి దూరి సూరమ్మక్క చేలో తేలింది. తివాచీ వేశాం. అదీ పోయింది. అడ్డంగా బరువైనది ఏదైనా పడితే తప్ప నిలవదు.

ఏసోబు తొట్టి వైపు చూశాడు. నేనూ చూశాను. నాలుగు కాళ్ళూ బార్లా చాపుకుని రెండు స్టాండ్లు, వాటి కౌగిట్లో మా సైకిళ్ళు.

"అవి ప్రభుత్వ..." అని మొదలుపెట్టి ఏ.ఇ. గారు ఆగిపోయారు. "స్టాండ్ల సంగతి నేను చూసుకుంటాను. సైకిళ్ళు మీవి కదయ్యా."

పదిహేనేళ్ళ సైకిలు. దాని సీటు నా ఒంటి వాటానికి అరిగి ఉంది.

"ముందు నాది తొయ్యండి" అన్నాను.

ఏ.ఇ. గారు బూట్లు విప్పి పక్కన పెట్టి, తనే స్టాండు కాలు ఒకటి పట్టుకున్నారు. తోశాం. స్టాండు కాళ్ళు గుంజలకి తగులుకుని బిగిసిపోయాయి. దాని మీద ఏసోబుది. ఆ రెండింటి మీద గడ్డి, గడ్డి మీద మట్టి బస్తాలు. ఈసారి నిలిచింది. ఆ పథకం నిలబెట్టిన మొదటి వస్తువు అది.

అప్పుడు ఏ.ఇ. గారి జేబులో ఫోను మోగింది. తీసి చదివి, నోరు తెరిచారు.

"అబ్బులూ, నువ్వు గంటకి ఇరవయ్యారు కిలోమీటర్ల వేగంతో పోతున్నావట. అభినందిస్తున్నారు."

నీళ్ళ అడుగున నా వెనక చక్రం తిరుగుతోంది. మెకానిక్కు అన్నమాట నిజమే, ముంచినా చెబుతోంది. అంటే లోపల ఇంకా నీళ్ళు పోతున్నాయి. పైకి మాత్రం ఏమీ కనబడటం లేదు.

"అయ్యా, మీరు అది చదువుతా ఉండండి" అన్నాను. "మేం మట్టేత్తాం."

కుడిపక్క పది బస్తాలు వేశాం. "ఇరవై నాలుగు" అన్నారు. ఎడంపక్క వేశాం. "పదహారు! అటే, అటే వెయ్యండి!" అని అరిచారు. సూరమ్మక్క ఒండు ముద్దలు చేసి అందిస్తోంది, ఏసోబు పట్టేసిన నడుంతోనే అడుగున కూరుతున్నాడు. తొమ్మిది. ఆరు. ఆరు. ఇంకో నాలుగు బస్తాలు. రెండు.

"సున్నా" అన్నారు ఏ.ఇ. గారు. ఫోను తిప్పి అందరికీ చూపించారు.

మూడు నెలల్లో ఆ పెట్టె మాకు చెప్పిన ఒక్క నిజం అదే.

చేలో గట్టువారన ఆరేడు సెంట్లు ఇసక కింద పోయింది. మిగతా చేను మోకాలి లోతు నీళ్ళలో నిలబడే ఉంది. పొట్ట మునగలేదు. సూరమ్మక్క గట్టు దిగి, మురుగుబోదె కట్ట తెంపి నీళ్ళు వదిలి, ఒక పొట్ట చీల్చి వెన్ను చూసుకుని పైకి వచ్చింది.

పొద్దు వాలుతోంది. జనం ఇళ్ళకి పోయారు. చంటమ్మ అన్నం గిన్నె, పప్పుచారు, చింతకాయ పచ్చడి తెచ్చింది. అరిటాకులు సూరమ్మక్క కోసుకొచ్చింది. మూడో రాయి పక్కన, కొత్త మట్టి మీదే అయిదుగురం కూర్చున్నాం. తొట్టిలో మిగిలిపోయిన మా కర్రలు ఏసోబు తెచ్చాడు, ఎవరిది వాళ్ళం పట్టుకుని మార్చుకున్నాం.

అన్నం కలుపుతుండగా ఫోను మళ్ళీ మోగింది. ఏ.ఇ. గారు ఎడం చేత్తో తీసి పైకే చదివారు. "సదరు లస్కరు చక్రము మూడో కిలోమీటరు వద్ద అకారణముగా నిలిచిపోయినందున, గస్తీ ఎగవేతగా భావించి, ఇరవై నాలుగు గంటలలో సంజాయిషీ..." అక్కడ ఆపి, ఫోను బోర్లించి గట్టు మీద పెట్టారు. అది ఇంకో రెండుసార్లు మట్టిలో గొణిగింది. ఎవరూ తియ్యలేదు.

చంటమ్మ నా ఆకులో పచ్చడి వేసింది, అడక్కుండానే. తర్వాత ఏ.ఇ. గారి ఆకులో కూడా వేసింది.

నేను అలవాటు కొద్దీ అరికాలు మట్టికి ఆనించి, చీమ పాకుతుందేమోనని చూస్తున్నాను. ఏసోబూ అంతే. ఏ.ఇ. గారు మా పాదాల వైపు కాసేపు చూశారు. తర్వాత తన పాదాన్ని, బూట్ల లోపల తెల్లగా నానిపోయిన పాదాన్ని, మట్టి మీద నెమ్మదిగా ఆనించారు. ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగి, అలా ఉండిపోయారు.   కొంచెం సేపటికి తినడం మొదలుపెట్టారు, పాదం మాత్రం తియ్యకుండా.